అక్షయకుమార దత్తుగారి రోగజీవనము

శరీరము స్వాధీనమునందున్నవారు తృప్తినిగూర్చి బోధించుట సులభము. మంచము పట్టినవాఁడు తృప్తుఁడై యుండుట సులభము కాదు. వ్యాధివలనఁ బ్రయాణములు మాని, సభలకుఁ బోలేక, తమవలన లోకమున కిఁక నుపయోగము లేదని నిరాశపడువారిని మే మెఱుఁగుదుము. అట్టివారికొఱకు వంగదేశమున బ్రహ్మసమాజమునకు మూలస్తంభములలో నొకరైన అక్షయకుమార దత్తుగారి చరిత్రమును సంగ్రహముగాఁ జెప్పఁదలఁచితిమి.

ఆయన 1820 వ సంవత్సరమున బర్ద్వాను మండలములోని చూపీ గ్రామమున జన్మించెను. తండ్రి మరణించుటచేఁ గలకత్తాలోఁ జదువుచున్న చదువును నడుమనే విడువవలసి వచ్చెను. అయినను విద్యాభిలాషను విడువలేదు. 1843 లో దేవేంద్రనాథ ఠాకూరుగారు తత్త్వబోధినీ పత్రికను స్థాపింపఁగా, దానికి సంపాదకుఁడై పండ్రెండేండ్లు నడపెను. భూగోళము, ప్రకృతిశాస్త్రము, చరిత్రము, నీలిమందు దొరలచే రైతులు పడు బాధలు, వీనినన్నిటిని వంగభాషలో జనులకు బోధపడునట్లు వ్రాసెను. వైద్యకళాశాలకుఁ బోయి శాస్త్రోపన్యాసములు వినెను. వేదములు నిర్దుష్టప్రమాణములను నమ్మకమును సమాజము వదలుకొనుటకు ఆయన వాదము ముఖ్యకారణములలో నొకటి.

జార్జి కూంబను స్కాట్లండుదేశపు గ్రంథకర్త ననుసరించి యాయన యొక పెద్దగ్రంథమును వ్రాసెను. ప్రకృతినియమములను బాటించువానికి సుఖమును, అతిక్రమించువానికి దుఃఖమును గలుగుననుట దాని సారాంశము. దేహవిషయమునను ఈ నియమమే చెల్లునని యాయన విశ్వాసము.

1855 లో, ముప్పదియైదేండ్ల ప్రాయమున, ఆయనకుఁ దీవ్రమైన శిరోరోగము సంభవించెను. ఎడతెగని మానసికశ్రమయే దీనికిఁ గారణమని పలువురు తలఁచిరి. శాసనమును వ్రాసినవాఁడే ఆ శాసనముక్రింద దోషిగా నిలువఁబడుట న్యాయవాదులమైన మేము సామాన్యముగాఁ జూడము. ఇక్కడ నట్లే జరిగెను. పత్రికను విడిచెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు ఆ యేఁడే యాయనను నార్మలు పాఠశాలకుఁ బ్రధానోపాధ్యాయునిగా నియమించిరి గాని, రోగము సాగనీయనందున 1858 లో ఆ యుద్యోగమును మానుకొనెను. ఇంకొక విశేష మున్నది. హౌరానుండి హుగ్లీకి రైలుబండి 1854 లో నడవసాగెను. ఆ బండి నెక్కువారు మెలఁగవలసిన విధమును దెలుపుచు 1855 లో ఒక చిన్నపుస్తకమును బ్రకటించినవాఁడు అక్షయకుమారుఁడే. ఇతరులకుఁ బ్రయాణవిధి నుపదేశించిన యేఁటనే తాను రోగముపాలయ్యెను.

తరువాత నాయన జీవించినది ముప్పదియొక్క సంవత్సరములు. ఈ కాలమును గడపిన విధమే మాకుఁ బాఠము. హౌరా సమీపమున గంగాతీరమందలి బాలీ గ్రామమున నిల్లు గట్టుకొని, శోభనోద్యానమను తోఁటను నాటెను. నానాజాతుల వృక్షములను బెంచెను. గవ్వలను, శిలలను, శిలారూపము నొందిన ప్రాచీన జీవుల యవశేషములను సేకరించెను. ఆయన బాలురకొఱకు వ్రాసిన చారుపాఠము మూఁడు భాగములు గలది. ఈ తోఁటయే దానికి నాలవభాగమని విద్యాసాగరులు పరిహాసమాడిరని చెప్పుదురు. తత్త్వబోధినీ సభవారు రోగియైన యాయనకు నెలనెలకుఁ గొంత ద్రవ్యమొసఁగిరి. పుస్తకములవలన రాబడి హెచ్చినంతట దానిని వలదనెను.

ఈ దశయందే భారతవర్షీయ ఉపాసక సంప్రదాయమను మహాగ్రంథము వెలువడెను. హోరేసు విల్సనుగారి రచన నాధారముగాఁ గొని, దానిని మిక్కిలి పెంచి, దేశమందలి మతశాఖల యాచారములను వివరించెను. తెలుఁగు కుటుంబమునఁ బుట్టిన వల్లభాచార్యుల సంప్రదాయమును అందుఁ గలదు. మొదటిభాగము 1870 లోను, రెండవభాగము 1883 లోను బ్రకటితములైనవి. నడుమ పదుమూఁడేండ్లు! కలము పట్టలేనపుడు తోఁచిన నాలుగు మాటలను బ్రక్కవారిచే వ్రాయించి, నొప్పి హెచ్చిన నాపి, తగ్గిన మఱల నారంభించి రెండవభాగమును ముగించెను. 1886 లో బాలీయందే మరణించెను.

వ్యాధి మేలని మా యభిప్రాయము కాదు. ఆరోగ్యమే యున్న నాయన యింకెంత చేసియుండునో! పంటకు శ్రమయే చాలును, ప్రార్థన యేమియుఁ గూర్పదని యాయన చేసిన వాదమునుగూడ మే మంగీకరింపము. కాని తన సిద్ధాంతము తన దేహముమీఁదనే తీర్పు చెప్పినపుడు దానినుండి తప్పించుకొనఁజూడక, విధించినంత విశ్రాంతిని దీసికొని, మిగిలిన కొలఁది శక్తితోఁ బనిచేసెను. పోయినబలమునకై వగచుచుఁ గూర్చున్న నా గ్రంథమును లేదు, ఆ తోఁటయు లేదు.

చదువరులారా! మీలో గడప దాఁటలేనివా రెవరైన నుందురేని, ఈ దినమున చేయఁగల పని యెంతయో మొదట నిర్ణయించుకొనుఁడు. అది నాలుగు పంక్తులే యైనను వ్రాయుఁడు, లేదా వ్రాయింపుఁడు. తృప్తి యనునది ఆ పనివెంట వచ్చును గాని దానికి ముందు రాదు.