పిల్లల పియానోకు మెట్లు కట్టిన షూమన్

సంగీతం నేర్చే పిల్లలకు మొదట ఏ పాఠం చెప్పాలి, తరువాత ఏది చెప్పాలి అన్నది తల్లిదండ్రులకూ గురువులకూ ఎప్పుడూ ఉన్న చిక్కే. మన కర్ణాటక సంగీతంలో పురందరదాసులవారు సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, పిళ్ళారి గీతాలు అని మెట్లు కట్టిపెట్టారని పెద్దలు చెబుతారు. పాశ్చాత్యుల పియానో వాద్యానికి అటువంటి సేవ చేసినవారిలో జర్మను దేశీయుడైన రాబర్ట్ షూమన్ ముఖ్యుడు.

షూమన్ 1810 జూన్ 8వ తేదీన సాక్సనీలోని త్స్వికౌ పట్టణంలో జన్మించాడు. తండ్రి పుస్తక వర్తకుడు. తల్లి కోరికపై 1828లో లైప్‌జిగ్ నగరంలో న్యాయశాస్త్రం చదవబోయాడు గాని మనసంతా పియానో మీదనే ఉండేది. 1830లో ఆ చదువు మాని ఫ్రీడ్రిఖ్ వీక్ అనే గురువు ఇంట చేరాడు. త్వరగా మహావిద్వాంసుడు కావాలని ఆరాటం. తెగ సాధన చేశాడు. వేళ్ళ బలానికి ఒక యంత్రం కూడా వాడాడు. 1832 నాటికి కుడిచేతి వేలు స్వాధీనం తప్పింది. కచేరీల ఆశ పోయింది. అయినా క్రుంగిపోక రచనకు పూనుకున్నాడు. 1834లో సంగీత పత్రిక స్థాపించాడు.

గురుపుత్రిక క్లారా బాల్యంలోనే పేరుపొందిన పియానో విదుషీమణి. వారి వివాహానికి వీక్ సమ్మతించకపోగా వ్యవహారం న్యాయస్థానానికెక్కింది. చివరకు 1840 సెప్టెంబరు 12న పెండ్లి జరిగింది. ఎనిమిదిమంది సంతానం కలిగారు.

షూమన్ 1838లోనే బాల్యదృశ్యాలు అనే కృతులు రచించాడు. పేరు చూసి పిల్లలకని భ్రమపడరాదు. అవి పెద్దలు తమ బాల్యాన్ని తలచుకొని వాయించుకొనేవి. నిజంగా పిల్లల కోసం వ్రాసినది 1848లో. పాఠాలలో పిల్లలకిచ్చే సంగీతం నాసిగా ఉన్నదని చూసి, పెద్దకూతురు మారీ ఏడవ పుట్టినరోజుకు కొన్ని చిన్న రచనలు కానుకగా ఇచ్చాడు. అవే పెరిగి 43 రచనల బాలల సంపుటి అయినాయి. మొదటి 18 చిన్నవారికి, తక్కినవి కొంత ఎదిగినవారికి.

వాటి వరుస గమనించదగినది. మొదటిది సాదా రాగం. రెండవది సిపాయిల నడక. లయ నిలకడ నేర్పుతుంది. పదవది ఆనందంగా ఉన్న రైతు పాట; ఇందులో ఎడమచేయి పాట వాయిస్తే కుడిచేయి తోడు పలుకుతుంది. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క పని. అయినా ప్రతిదీ వినసొంపుగానే ఉంటుంది. బాలసంగీతకారులకు వ్రాసిన సూత్రాలలో కూడా ఆయన సులభమైనవాటిని శుద్ధంగా వాయించడానికే పెద్దపీట వేశాడు.

పిమ్మట మనోవ్యాధి సోకి, 1854లో రైన్ నదిలో దూకాడు. రక్షింపబడినా కోలుకోలేదు. బాన్ నగరం దగ్గరి చికిత్సాలయంలో 1856 జూలై 29న, 46వ యేట కన్నుమూశాడు. క్లారా కచేరీలు చేసి కుటుంబాన్ని పోషించింది. ఆ బాలల సంపుటి నేటికీ దేశదేశాల పిల్లల చేతుల్లో పలుకుతూనే ఉన్నది.

సంఘ వార్షికోత్సవం దగ్గరపడగానే, గీతాలైనా పూర్తికాని బిడ్డచేత పెద్ద కీర్తన పాడించాలని మనకు ఉబలాటం కలుగుతుంది. తొందర వల్ల వచ్చే నష్టమేమిటో షూమన్ జీవితం చెబుతున్నది. చిన్న గీతం చక్కగా పాడిన బిడ్డకే ముందుగా చప్పట్లు కొడదాం. ఈ నూతన సంవత్సరం మన పిల్లల విద్యకు శుభారంభమగుగాక!