దుర్గాబాయమ్మ నేర్చుకున్న నాయకత్వం

కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకునే రోజు వచ్చిందంటే ప్రతి పొదుపు సంఘంలో ఒకే మాట. నాయకత్వం పుట్టుకతో రావాలె, నాతోని కాదు అని చాలామంది వెనక్కి జరుగుతారు. చివరికి పాత అధ్యక్షురాలే మళ్ళీ కూర్చుంటుంది. ఆ మాట ఎంతవరకు నిజమో చూడడానికి ఈసారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం చదువుకుందాం. మన మల్లాపూర్ నుంచి నాచారం, తార్నాక దాటి విద్యానగర్ పోతే ఆమె పేరుతో ఆస్పత్రి ఉంది. ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ కాలేజీ ఉస్మానియా యూనివర్సిటీలో ఉంది.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని చెప్పేసింది. తల్లిదండ్రులు ఆమె వెంట నిలబడ్డారు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద సంగతో ఆడపిల్లల తల్లులకు వేరే చెప్పక్కర్లేదు.

చిన్నతనంలోనే హిందీ నేర్చుకుంది. నేర్చుకున్నది తనలోనే దాచుకోకుండా ఆడవాళ్ళ కోసం హిందీ పాఠశాల పెట్టి చెప్పింది. గాంధీ గారు కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలతో, ముస్లిం స్త్రీలతో ఆయన మాట్లాడాలని పట్టుబట్టి, విరాళం పోగుచేసి సభ పెట్టించింది. ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది కూడా ఈ పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఆపింది.

ఇదంతా చూస్తే ధైర్యం పుట్టుకతోనే వచ్చింది అనిపిస్తుంది. కొంత నిజమే కావచ్చు. కానీ హిందీ రాకుంటే ఆ సభలో ఆమె నోరు తెరిచేది ఎట్లా? ధైర్యానికి తోడు నేర్చుకున్న విద్య ఉంది, వెనక ఇంటివాళ్ళ అండ ఉంది.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో దిగి, 1933 లోపు పలుమార్లు జైలుకు పోయింది. అక్కడ చదువు రాని ఆడ ఖైదీలను చూసింది. తమ మీద ఏం కేసు రాశారో కూడా తెలియకుండా శిక్ష అనుభవిస్తున్న వాళ్ళు వాళ్ళు. బయటికి వచ్చాక ఆమె పేరున్న నాయకురాలు. అయినా రాజకీయాలు పక్కనపెట్టి మళ్ళీ పుస్తకం పట్టింది. ఇరవై దాటిన వయసులో కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏకు పోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి, హాస్టల్ నడిపించి సీటు సాధించింది. తర్వాత మద్రాసులో లా చదివి వకీలయింది.

1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ కథ కూడా ఇదే. తను రాసిన మెట్రిక్ పరీక్షకే మిగతా ఆడవాళ్ళను తయారుచేయడం అక్కడ పెద్ద పని. ఆ సభ పెరిగి బడులు, ఆస్పత్రులు, కాలేజీలు అయింది.

1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఆమె ఒక్కతే మహిళ. 1952 ఎన్నికల్లో ఓడిపోయింది, కానీ పని ఆపలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలయింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయింది. అదే ఏడాది సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకుంది. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో పరీక్షలు రాయించే కోర్సులు ఆ బోర్డు నడిపినవే. 1975లో పద్మవిభూషణ్ అందుకుని, 1981 మే 9న కన్నుమూసింది.

ఇప్పుడు మన సంగతి. మీటింగులో నిలబడి మాట్లాడడం, తీర్మానం రాయడం, బ్యాంకులో మేనేజరును అడగడం, కిస్తీ కట్టని సభ్యురాలితో గొడవ లేకుండా మాట్లాడడం, ఇవన్నీ చేస్తే వచ్చే పనులే. ఒక్కరికే అవి తెలిస్తే ఆమె ఊరు మారిన రోజు సంఘం ఆగిపోతుంది. లెక్కలు ఆమెకు తప్ప ఎవరికీ తెలియకపోతే, తప్పు జరిగినా పట్టుకునేవాళ్ళు ఉండరు. పోయేది పదిమంది పొదుపు సొమ్ము.

దుర్గాబాయమ్మ ఒక మెట్టు ఎక్కగానే వెనకవాళ్ళకు చెయ్యి అందించింది. పాత అధ్యక్షురాళ్ళు చేయవలసింది కూడా అదే. ఈ ఏడాది బ్యాంకుకు పోయినప్పుడల్లా ఇంతవరకు పోని ఒక సభ్యురాలిని వెంట తీసుకుపోండి. పుస్తకం రాసేటప్పుడు ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. వచ్చే ఎన్నిక నాటికి నాతోని అయితది అనేవాళ్ళు ప్రతి సంఘంలో కనీసం ఇద్దరైనా తయారుకావాలె.