భక్తాంఘ్రిరేణువు నవ్వు

విప్రనారాయణుని కథ యనగానే తెలుగువారికి దేవదేవి స్ఫురించును. సారంగు తమ్మయ్య వైజయంతీ విలాసమును, 1954 నాటి చలనచిత్రమును ఆ ఘట్టమును ఇంటింటికి చేర్చినవి. కాని ఆ మహనీయుని జీవితమున మిక్కిలి మనోహరమైన భాగము ఆ తరువాతిది.

చోళదేశమునందలి తిరుమండంగుడిలో ధనుర్మాసమున, జ్యేష్ఠా నక్షత్రమున జన్మించిన ఆయన శ్రీరంగము చేరి, నందనవనము పెంచి, రంగనాథునకు పూమాలలు సమర్పించుటయే వ్రతముగా నుండెను. దేవదేవి మోహమున ఆ తోటను మరచెను. చేతనున్నది ఊడ్చుకొనిపోయిన పిదప ఆమె వాకిటినుండి గెంటబడెను. అంతట రంగనాథుడే తన బంగారు గిన్నెను ఆమెకు చేర్చెననియు, దొంగతనము మోపబడి విప్రనారాయణుడు చెరబడెననియు, స్వామి రాజునకు స్వప్నమున నిజము దెలిపి విడిపించెననియు గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి.

నలుగురిలో ఇంతటి అవమానము పడినవాడు తన్ను తాను ద్వేషించుకొనుట సహజము. ఆయన మాత్రము భాగవతుల శ్రీపాదతీర్థము గ్రహించి, వారి పాదధూళి యను అర్థముగల తొండరడిప్పొడి నామమును దాల్చి, తన హృదయమును తానే శోధింప బూనెను. ఆ శోధనమే 45 పాసురముల తిరుమాల. అందు తన లోపములలో నొక్కటియు దాచలేదు. జూదరియై, చోరుడై, ధూర్తులతో తిరిగితి ననెను. స్నానమును, త్రేతాగ్నులను విడిచితి ననెను. సేతువు కట్టునాడు ఇసుకలో పొర్లి రామకార్యమునకు తోడ్పడిన ఉడుతకు సైతము సాటిరాననెను. మనము వినయమునకై ఉడుతాభక్తి యని చెప్పుకొందుము గదా! ఆయన ఆ మాటకును తాను తగననెను.

అయినను ఈ లెక్క చివరకు ఆశ్చర్యముగా మారినది. ఇట్టివాని మనసున స్వామి ఎట్లు ప్రవేశించెను, ప్రేమ నెట్లు పెంచెను? ఇదియే ఆయన జిజ్ఞాస. ఒకచోట, లోన భక్తి లేకయే దాసుని వేషము వేసితినని గ్రహించెను. తలపులన్నింటిని లోననే యుండి ఎరుగువాని ఎదుట ఈ వేషమేమని సిగ్గుపడి, పక్కటెముకలు విరుగునట్లు తనలో తానే నవ్వుకొనెను. కుమిలిపోవలసిన చోట నవ్వెను! వేదము చదివినవారికిని ఈ నవ్వు సులభముగా రాదు.

తన తప్పులను ఇట్లు చూచినవాడు పరుల తప్పులను వెదకలేదు. భాగవతుల కులమును, గతమును ఎంచక పూజింపవలెనని ఆ తిరుమాలలోనే చెప్పెను.

ధనుర్మాసపు వేకువను వైష్ణవాలయములలో తిరుప్పావైకి ముందు అనుసంధింపబడు తిరుప్పళ్ళియెళుచ్చియు ఆయనదే. 10 పాసురముల ఆ మేలుకొలుపు చివర తన రూపమును తానే చిత్రించుకొనెను. తులసితో, భుజమున పూలబుట్టతో, రంగనాథుని వాకిట తెల్లవారుజామున నిలిచిన తోటమాలి.