పి.వి. గారు కాలేజీ మారిన వేళ

ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు పెద్దల్లో ఒకరి జీవితం రాసివ్వమని సంఘం వారు అడిగేసరికి మా ఇంట్లో వేరే పంచాయితీ నడుస్తోంది. మనవరాలికి డిగ్రీలో మూడు చోట్ల సీటు వచ్చింది. హైదరాబాదు, వరంగల్లు, పూణే. పిల్ల పూణే అంటుంది, కోడలు హైదరాబాదు అంటుంది. నేను వరంగల్లు అన్నాను. నస్పూరు నుంచి పొద్దున పోతే రాత్రికి తిరిగి రావచ్చు, ఖర్చూ తక్కువ. మన పింఛను సంగతి మీకు కొత్తగా చెప్పాలా! ఆ గొడవలోనే పి.వి. నరసింహారావు గారి చదువు గుర్తుకొచ్చింది.

ఆయన 1921 జూన్ 28న వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టి, దత్తత మీద మన పాత కరీంనగర్ జిల్లా వంగరకు వచ్చారు. హనుమకొండలో చదువుకున్నారు. పదేళ్లకే పెళ్లయింది. ఉస్మానియా కింద ఇంటర్ చదువుతుండగా 1938 చివర్లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. హాస్టళ్లలో ఆ గీతం పాడరాదని నిజాం కాలపు అధికారులు ఆంక్ష పెట్టారు. విద్యార్థులు వినలేదు. వందలాది మందిని వెళ్లగొట్టారు, అందులో పి.వి. ఒకరు. పదిహేడేళ్ల పిల్లవాడు, ఇంటి దగ్గర భార్య, చేతిలో సగం చదువు. సంస్థానంలో ఉన్నది ఒక్కటే విశ్వవిద్యాలయం. అది వద్దంటే ఇక లోపల చదువు లేనట్టే.

అప్పుడు ఆదుకున్నది నాగపూర్. అక్కడి విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ కేదార్ గారు ఈ పిల్లలను చేర్చుకున్నారు. ఆయన పేరు మన వైపు ఎక్కువ మందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది. కాజీపేట నుంచి నాగపూర్ పోవాలంటే మన మంచిర్యాల మీదుగానే పోవాలి. బల్లార్షా లైను పూర్తయింది 1929లో, అంటే అప్పటికి ఇంకా పదేళ్లు కూడా కాలేదు.

దూరం ఒక్కటే కాదు కష్టం. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో, నాగపూర్‌లో ఇంగ్లీషులో. లెక్కలూ సైన్సూ మరో భాషలో మళ్లీ పట్టుకోవాలి. గనిలో ఒక సెక్షను నుంచి మరో సెక్షనుకు మారిస్తేనే మనం నెల రోజులు తడబడేవాళ్లం గదా! ఆయన తట్టుకున్నారు. ఇంటర్ అయ్యాక పూణే ఫెర్గూసన్ కాలేజీలో బి.ఎస్సీ. చేశారు, మళ్లీ నాగపూర్ వచ్చి లా పట్టా తీసుకున్నారు.

ఆ తిరుగుడులో మరాఠీ వంటబట్టింది. తరువాత హరి నారాయణ ఆప్టే నవలను అబల జీవితం పేరుతో తెలుగు చేశారు. విశ్వనాథ వారి వేయిపడగలను హిందీలోకి తెచ్చారు. స్వస్థలంలోనే ఉండి చదివి ఉంటే ఆ మరాఠీ వచ్చేదో లేదో!

1957 నుంచి 1977 దాకా, గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న మంథనికి ఆయనే ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి, 1991లో ప్రధానమంత్రి. అవన్నీ మీకు తెలిసినవే. నాకు పట్టింపు వేరే విషయం. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న 1971లోనే సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. కేంద్రంలో విద్యాశాఖ చూసిన రోజుల్లో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. మన కాగజ్‌నగర్‌ది, చొప్పదండిది వాటిలోవే. ఊరి పిల్లలు ఇల్లు వదిలి, హాస్టల్లో ఉండి చదివే బడులు. ఆయన 2004 డిసెంబరు 23న పోయారు. 2024లో భారతరత్న ఇచ్చారు.

ఇదంతా రాత్రి భోజనాల దగ్గర మనవరాలికి చెప్పాను. ఆయన వెళ్లగొడితే పోయాడు, నీకేం అవసరమని కూడా అన్నాను. ఆయనకే మూడు సీట్లు వచ్చి ఉంటే, తాతా, నువ్వు వరంగల్లే అనేవాడివా అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

సోమవారం లోపల ఫీజు కట్టాలి. నేనైతే వరంగల్లు మాట వెనక్కి తీసుకున్నాను. కోడలు ఇంకా ఒప్పుకోలేదు.