గణితాచార్యులు మహావీరాచార్యులు

లెక్కల శాస్త్రమును లోకోపకారముగా బోధించిన జైన పండితులలో అగ్రగణ్యులు మహావీరాచార్యులు. కడపటి తీర్థంకరుడైన వర్ధమాన మహావీరస్వామి వేరు, ఆ స్వామి పేరు దాల్చిన ఈ ఆచార్యులు వేరు.

9వ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడు మాన్యఖేటము రాజధానిగా ఏలుచుండెను. నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడే ఆ మాన్యఖేటము. జినసేనాచార్యులను గురువుగా భావించిన ఆ ప్రభువు కాలమున, సుమారు క్రీ.శ. 850లో, మహావీరాచార్యులు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించిరి. ఆరంభమున జినేంద్రునకు నమస్కరించి, పిదప రాజును కొనియాడిరి.

అంతకు ముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు మొదలగువారు గణితమును జ్యోతిష సిద్ధాంతములలో ఒక భాగముగా చెప్పిరి. ఆచార్యులు గ్రంథమంతయు గణితమునకే వినియోగించిరి. వ్యాపారమునకు, వంటకు, వైద్యమునకు, సంగీతమునకు, గృహనిర్మాణమునకు, అన్నిటికిని లెక్క ఆధారమని ఆయన మతము. వడ్డీ, భాగస్థుల లాభ విభజన, బంగారపు వన్నె, ఇవన్నియు ఆ గ్రంథమున కలవు. అంగడిలో కూర్చున్న వర్తకునకు అది పరాయి పుస్తకము కాదు.

భిన్నములకు ఆయన కలాసవర్ణమను పేర ఒక అధ్యాయమునే కేటాయించిరి. కల యనగా భాగము. సవర్ణమనగా ఒకే వర్ణము గలది. వేర్వేరు హారములను ఒకే హారమునకు తెచ్చుటయే కలాసవర్ణము. ఇందుకై హారములన్నిటిని గుణించి పెద్ద సంఖ్యను మోయనక్కర లేదు. 6, 8 హారములైనచో 48 వలదు, 24 చాలును. ఇట్టి కనిష్ఠ సంఖ్యకు ఆయన నిరుద్ధమని పేరిడిరి. నేడు బడిపిల్లలు క.సా.గు. అనునది ఇదియే.

ఒకటిని భాగములుగా విడదీయుటకు ఆయన చెప్పిన సూత్రము మరియు రమ్యమైనది. దాని ప్రకారము సగము, మూడవ వంతు, తొమ్మిదవ వంతు, పదునెనిమిదవ వంతు కలిపిన సరిగా ఒకటి యగును. నలుగురు భాగస్థులు 3,600 రూపాయల లాభమును ఈ వంతులలో పంచుకొన్నచో 1,800, 1,200, 400, 200 వచ్చును. పైసా మిగులదు, పైసా తగ్గదు.

దశాంశముల రాత ఆచార్యుల గ్రంథమున లేదు. అది తరువాతి కాలపు సౌకర్యము. లవమును హారముచే భాగించి, వచ్చిన దశాంశముతో సంఖ్యను గుణించిన చాలును. ముప్పాతిక 0.75, కనుక 480లో ముప్పాతిక 360. ఎనిమిదింట మూడు వంతులు 0.375, కనుక 640లో 240. హారము 2, 4, 5, 8 అయినపుడు ఈ పద్ధతి నిర్దుష్టము. 3, 9, 18 అయినపుడు దశాంశము తెగదు. పై నాలుగు వంతులను 0.50, 0.33, 0.11, 0.06 అని కుదించి వ్రాసినను మొత్తము ఒకటే యగును. కాని పంపకము 1,800, 1,188, 396, 216 అగును. మొత్తము 3,600 సరిపోయినది గనుక చిట్టాలో తప్పు కనబడదు. అయినను రెండవవానికి 12, మూడవవానికి 4 రూపాయలు తగ్గి, ఆ 16 నాలుగవవానికి చేరినవి. అట్టి చోట ముందు గుణించి, పిదప హారముతో భాగించుటయే న్యాయము.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినపుడు ఈ చిక్కే అంగళ్లలో కనబడెను. అణా అనగా ఆరుంపావు నయాపైసలు. పావు పైసకు నాణెము లేదు గనుక అణాకు 6 పైసలే లెక్క. నాలుగు అణాలను విడివిడిగా మార్చిన 24, కలిపి మార్చిన 25.

ఆచార్యులు పొరపడిన చోటును కలదు. సున్నచే భాగించిన సంఖ్య మారదని ఆయన తలచిరి. తరువాతి గణితజ్ఞులు దానిని అంగీకరింపలేదు. ఋణసంఖ్యకు వర్గమూలము లేదని మాత్రము ఆయన స్పష్టముగా గుర్తించిరి.

ఈ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో సారసంగ్రహ గణితముగా అవతరింపజేసెను. తెలుగున శాస్త్ర గ్రంథములలో అది మిక్కిలి ప్రాచీనమైనది. సంస్కృత మూలమును 1912లో రంగాచార్యులు ఆంగ్లానువాదముతో మద్రాసున ప్రకటించిరి. 1963లో లక్ష్మీచంద్ర జైన్ హిందీ అనువాదము సోలాపురమున వెలువడెను.

తత్త్వార్థసూత్రము తప్పుడు తూనికలను, కొలతలను అచౌర్య వ్రతమునకు అతిచారముగా ఎంచినది. తప్పుడు వంతును అట్టిదే. తూనికరాయి సరిగా నుండవలసినట్లే హారమును సరిగా నుండవలెను. పదకొండు శతాబ్దములకు పూర్వము మాన్యఖేట ప్రభువు కాలమున వ్రాయబడిన ఆ లెక్కలు ధర్మ వర్తకునకు నేటికిని తోడుగా నున్నవి.