మార్గరెట్ కజిన్స్

మార్గరెట్ ఎలిజబెత్ కజిన్స్ (1878 నవంబరు 7 – 1954 మార్చి 11) ఐర్లండులో జన్మించి భారతదేశాన్ని కార్యక్షేత్రంగా చేసుకొన్న విద్యావేత్త, సంగీతజ్ఞురాలు, మహిళా హక్కుల ఉద్యమకారిణి. జనగణమన గీతాన్ని మదనపల్లెలో స్వరలిపిబద్ధం చేయడంలో రవీంద్రనాథ్ టాగూరుకు తోడ్పడింది.

తొలి జీవితం

ఈమె ఐర్లండులోని బాయిల్ పట్టణంలో గిలెస్పీ కుటుంబంలో జన్మించింది. డబ్లిన్‌లో సంగీతం అభ్యసించి 1902లో పట్టభద్రురాలైంది. 1903లో కవి జేమ్స్ కజిన్స్‌ను వివాహమాడింది. స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ ఉద్యమించి 1910లో లండనులోను, 1913లో ఐర్లండులోను కారాగారశిక్ష అనుభవించింది.

మదనపల్లె – జనగణమన

ఈ దంపతులు 1915లో భారతదేశానికి వచ్చారు. అదే సంవత్సరం అనీబిసెంట్ మదనపల్లెలో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలలో జేమ్స్ ఆచార్యుడుగా పనిచేశాడు. మదనపల్లె అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉండేది. 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ పర్యటనలో ఉన్న టాగూరు ఈ కళాశాలలో కొన్నాళ్ళు బస చేసి, విద్యార్థుల ఎదుట జనగణమన ఆలపించాడు.

గీతపు వరుస మదనపల్లెలోనే పుట్టిందని కొందరు భావిస్తారు. అది సరికాదు. టాగూరు దీనిని బెంగాలీలో 1911లో రచించగా, ఆ సంవత్సరం డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో పాడారు. మదనపల్లెలో జరిగినవి రెండు: టాగూరు ఫిబ్రవరి 28న గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు, పాశ్చాత్య సంగీతం తెలిసిన మార్గరెట్ సహాయంతో దాని స్వరలిపి సిద్ధమైంది. నోటిమాటగా సాగే పాట గాయకుని బట్టి మారుతుంది. స్వరలిపి ఉంటే ఏ ప్రాంతం వారైనా ఒకే విధంగా పాడగలరు.

గీతంలోని అధినాయకుడు బ్రిటిషు చక్రవర్తి అన్న అపోహ చాలాకాలం ఉండేది. ఆ సంబోధన ప్రజల మనసులను ఏలే, భారత భాగ్యాన్ని నిర్ణయించే శక్తికి చెందినదని మదనపల్లె అనువాదంలోనే స్పష్టమవుతుంది. 1937లో ఒక లేఖలో టాగూరు స్వయంగా ఈ అపోహను ఖండించాడు. అయిదు చరణాలలో మొదటిది 1950 జనవరి 24న జాతీయ గీతంగా స్వీకరించబడింది.

తరువాతి జీవితం

1917లో మద్రాసులోని అడయారులో మహిళా భారత సంఘ స్థాపనలోను, 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ ఏర్పాటులోను ఈమె ముఖ్యపాత్ర వహించింది. 1922లో మద్రాసులో మేజిస్ట్రేటుగా నియమితురాలైంది. వాక్స్వాతంత్ర్యాన్ని అణచే ఉత్తర్వులను నిరసించి 1932లో వేలూరు కారాగారానికి వెళ్ళింది. చివరి సంవత్సరాలలో పక్షవాతంతో బాధపడి అడయారులో మరణించింది. తాను స్వరలిపి కట్టిన పాట స్వతంత్ర భారతానికి జాతీయ గీతం కావడాన్ని చూసే భాగ్యం ఈమెకు కలిగింది.