ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో 1889 జూన్ 2న జన్మించిన గోపాలకృష్ణయ్య, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము పొందెను. ఆనంద కుమారస్వామితో కలసి అభినయదర్పణమును ఆంగ్లీకరించి 1917లో ప్రకటించెను. అంతటి పండితుడు నేతపనివారి ఊరైన చీరాలలో స్థిరపడెను.

చీరాల, పేరాల గ్రామములు అంతవరకు యూనియను పాలనలో ఉండి, ఏటా సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండెను. మదరాసు ప్రభుత్వము వానిని పురపాలక సంఘముగా మార్చగనే పన్ను 40,000 రూపాయలకు పెరిగెను. మగ్గము మీద బ్రదుకువారికి ఈ పదింతల భారము మోయనలవి కానిది. పన్ను చెల్లింపనివారిని ప్రభుత్వము చెరసాలకు పంపెను. వారిలో ఒక స్త్రీయును కలదు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు మార్గములు చూపెను: శాంతముగా పన్ను నిరాకరించుట, లేదా ఊరినే విడిచిపోవుట. గోపాలకృష్ణయ్య రెండవది ఎంచుకొనెను. పురపాలక సంఘపు అధికారము దాని ఎల్లల వరకే. ఎల్ల దాటినవానిపై ఆ పన్ను వేయుటకు వీలులేదు. చట్టమును మీరకయే చట్టమునకు అందకుండుట ఇందలి కిటుకు.

దాదాపు 15,000 మంది జనాభాలో సుమారు 13,000 మంది మండువేసవిలో ఇండ్లు విడిచి, ఎల్ల వెలుపల వేసికొన్న పాకలలో చేరిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరిడిరి. చెప్పుటకిది తేలిక. గుంటమగ్గము ఎత్తుకొనిపోవు పెట్టె కాదు. క్రొత్తచోట మరల గుంట త్రవ్వవలెను. పసిబిడ్డలతో, వృద్ధులతో వారు ఎండను, వానను, చలిని ఓర్చిరి. అన్ని కులముల ప్రతినిధులతో తమ పంచాయతీని తామే నడుపుకొనిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షమాలలు ధరించిన రామదండు సేవకులు వారికి అండగా నిలిచిరి. ఈ దండును కూర్చినవాడును గోపాలకృష్ణయ్యయే.

నిధుల సేకరణకై తిరుగుచుండగా ఆయనను బరంపురమున నిర్బంధించి, ఒక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరకు పంపిరి. నాయకుడు లేడు, ధనము లేదు. అయినను ప్రజలు వెంటనే తలవంచలేదు. పదునొకండు నెలలు గడచిన పిదపనే పాత ఇండ్లకు మరలిరి. దీనిని ఓటమి అనువారు, కూలిజనము అన్ని నెలలు పాకలలో నిలిచిన సంగతిని లెక్కలోనికి తీసికొనరు.

చెర వీడి వచ్చిన గోపాలకృష్ణయ్యను దారిద్ర్యము, క్షయవ్యాధి క్రుంగదీసెను. 1928 జూన్ 10న, ముప్పదితొమ్మిదేండ్ల ప్రాయమున, ఆయన కన్నుమూసెను.